యూత్ అన్నయ్య

ఒంగోలు వైపు బాప్టిస్టు చర్చికి వెళ్లినా, గుంటూరు వైపు లూథరన్ చర్చికి వెళ్లినా పాస్టరు గారెవరో కనుక్కోవాల్సి రావచ్చు గానీ, యూత్ అన్నయ్య ఎవరో ఎవర్నీ అడగక్కర్లేదు. ఆరాధనకు అరగంట ముందే మైకు పట్టుకుని "హలో, చెక్, చెక్" అంటుంటాడు. సౌండు బాక్సు చెవులు చిల్లులు పడేలా కూతపెడితే, దాని వెనకాల బిక్కచచ్చి నిలబడ్డ కుర్రాడితో "పర్లేదు తమ్ముడూ, పోయిన వారం కంటే నయం" అంటాడు. వయసు నలభై మూడు. జుట్టుకు రంగు, చేతిలో చుట్టుపక్కల ఊళ్ల యౌవనస్థులందరి నంబర్లూ ఉన్న ఫోను. మిగతా ఆరు రోజులూ ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారో, ఎల్ఐసీ ఏజెంటో అయి ఉంటాడు. అది ఆయనకే సరిగ్గా గుర్తుండదు.

మెచ్చుకోవడం ఆయన ప్రధాన వ్యాపకం. పాట బాగా పాడితే "దేవునికి స్తోత్రం" అంటాడు. శ్రుతి తప్పితే "దేవుడు నిన్ను బలంగా వాడుకుంటాడు తమ్ముడూ" అంటాడు. రెండో మాట వినబడితే పాడినవాడు తప్ప అందరూ తల దించుకుంటారు. కీబోర్డు అబ్బాయి ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి సి స్కేల్లోనే లాగించేస్తాడు. వాడి గురించి అన్నయ్య పక్క ఊరి సంఘంలో "మా వాడికి అన్ని స్కేళ్లూ వచ్చు" అని సాక్ష్యమిచ్చి వచ్చాడు. ఆ మాట నిలబెట్టడం కోసం వాడు ఇప్పుడు నిజంగానే నేర్చుకుంటున్నాడు.

కూడికకు వచ్చినవాడు ఊరికే కూర్చుని వెళ్లకూడదన్నది ఆయన చట్టం. అది ఆయన కంటే ముందే పుట్టింది. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలో, మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన ఇంట్లో కుర్రకారును కూర్చోబెట్టి క్రిస్టియన్ ఎండీవర్ సంఘం మొదలుపెట్టాడు. చేరినవాళ్లు ప్రతి కూడికలోనూ ఏదో ఒక పాలు తీసుకోవాలని ప్రమాణపత్రం రాసి సంతకాలు పెట్టించుకున్నాడు. మన అన్నయ్యకు క్లార్క్ పేరు తెలియదు, సంతకాలూ అడగడు. కూడిక ముగిసే వేళకు చెప్పుల దగ్గర నిలబడతాడు. ఆయన్ను దాటితేనే చెప్పులు; వచ్చే వారం పాటో ప్రార్థనో ఒప్పుకుంటేనే ఆయన్ను దాటడం.

పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఓ కుర్రాడు అలాగే దొరికిపోయాడు. శనివారం ఆరింటికన్న కూడిక ఏడుంబావుకు మొదలైంది. ఎనిమిది మడతలు పెట్టిన కాగితం పట్టుకుని వాడు లేచి "అందరికీ నా వందనాలు" అన్నాడు. ఆ తర్వాత కాగితం విప్పడం రాలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వెనక నుంచి అన్నయ్య "ఆమెన్!" అని గట్టిగా అరిచి చప్పట్లు మొదలుపెట్టాడు. పెద్ద ప్రసంగమేదో అయిపోయిందనుకుని మిగతావాళ్లూ కొట్టారు. మరుసటి వారం వాడిచేత 117వ కీర్తన చదివించాడు. బైబిల్లో అన్నిటికంటే చిన్న అధ్యాయం అదే, రెండే వచనాలు. బెదిరిన గొంతుకు 117, మైకు దొరికితే వదలనివాడికి 176 వచనాల 119. ఈ కొలత మటుకు ఆయనకు ఏ సెమినార్లోనూ ఎవరూ నేర్పింది కాదు.

వాక్యం చెప్పడానికి బయటి నుంచి వచ్చే దైవజనుల విషయంలో ఈ కొలతలేవీ పనిచేయవు. యౌవనస్థుల కూడిక అనగానే వాళ్లకు సమ్సోను, దెలీలా తప్ప ఇంకెవరూ గుర్తురారు. "రెండు నిమిషాల్లో ముగిస్తాను" అన్న మాట మూడోసారి వచ్చేసరికి ముందు వరస కూడా తూగుతుంటుంది. అప్పుడు అన్నయ్య తూగేవాడి చెవిలో ఐతుకు కథ చెబుతాడు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఆ యువకుడు నిద్రలో జోగి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. పౌలు దిగివచ్చి బతికించాడు. "మనది రేకుల షెడ్డు తమ్ముడూ, పడినా చాప మీదే. కానీ లేపడానికి పౌలు లేడు."

క్రైస్తవ కుటుంబం పదిమందికీ ప్రోత్సాహంగా ఉండాలని మైకులో చెప్పేది అన్నయ్య. ఉండేది ఆయన భార్య, అక్క. ఆమెను పిల్లలెవరూ వదిన అనరు, పాస్టరమ్మ గారిని అమ్మగారంటారు కనుక ఈమె అక్క అయింది. "ఓ పదిమందిమి వస్తున్నాం" అని ఫోనొస్తే ఆమె కుక్కరు జోలికి పోదు, అటక మీది పెద్ద గిన్నె దించుతుంది. పెళ్లయిన కొత్తలోనే ఆ లెక్క ఆమెకు బోధపడింది. వడ్డిస్తూనే హాస్టలు పిల్ల రెండోసారి పెట్టించుకోలేదంటే ఎందుకో కనుక్కుంటుంది. అన్నయ్య ఆ పిల్లతో "నువ్వు టీచరువవుతావమ్మా" అంటాడు. డీఎస్సీ అప్లికేషను ఆఖరు తేదీ ఎప్పుడో అక్క చెబుతుంది, ఫీజు చీరల మడతల్లోంచి తీసి ఇస్తుంది. రిట్రీటు రిపోర్టులో కృతజ్ఞతలు సౌండు సిస్టమ్ వాళ్లకు, టెంటు వాళ్లకు, ఆటో యూనియన్‌కు. "అలాగే మా కుటుంబానికి" అన్న ముక్క ప్రింటింగులో చోటు చాలక పోతుంటుంది.

ఆ కుటుంబంలో ఇంటరు చదివే కొడుకొకడు ఉన్నాడు. డిసెంబరు వచ్చిందంటే వాడికి గుండె దడ. క్యారల్సుకు క్రిస్మస్ తాత ముసుగు ఎప్పుడూ వాడికే, ఇరవై ఇళ్లలో టీలు అందరూ తాగుతారు, ముసుగు తీయడానికి వీల్లేక వాడు తాగడు. "నాన్నా, ఈసారి వేరేవాళ్లకు ఛాన్సివ్వు" అంటే, ఊళ్లో పిల్లలందరికీ పంచగా మిగిలిన గొంతుతో అన్నయ్య అంటాడు: "నీకు అసలు భారం లేదురా."

అయితే ఆయన ఎవర్నీ వదిలిపెట్టడు, అది ఒప్పుకోవాలి. పోయినేడు క్యాంపు మధ్యలో డ్రమ్సు అబ్బాయి సినిమా రిలీజు ఉందని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. ఈసారి వాణ్ని తీసుకెళ్లొద్దని ట్రెజరరు పట్టుబట్టాడు. అన్నయ్య బర్నబాను దించాడు. పంఫూలియలో తమను వదిలేసి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు, చివరికి ఇద్దరూ విడిపోయారు. అదే పౌలు కడపటి రోజుల్లో మార్కును వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాశాడు. ట్రెజరరు అంతా శ్రద్ధగా విని, "సరే అన్నా, నేను పౌలు పార్టీ. కడపటి రోజుల్లో పిలుద్దాం" అన్నాడు. డ్రమ్సు అబ్బాయి అన్నయ్య బండి మీదే క్యాంపుకు వచ్చాడు, తన డబ్బుతోనే రిజిస్ట్రేషను కట్టానని అన్నయ్య ఎవరికీ చెప్పలేదు.

సంఖ్యల దగ్గర మటుకు ఆయన్ను నమ్మరాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లిలో క్లౌ దొర మిషనులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించి వేలమందికి కూడు పెట్టిన దొర ఆయన. ఈ సంగతి చెప్పి "ఇదే నేల మీద మనకు వందమంది రారా?" అంటాడు అన్నయ్య. వచ్చేది ముప్ఫై ఎనిమిది. వంటవాళ్లనూ, టెంటు విప్పడానికొచ్చినవాళ్లనూ, చంకలో పిల్లల్నీ కలిపి సినడ్‌కో ఫీల్డుకో పంపే రిపోర్టులో "దాదాపు వంద" అవుతుంది.

మొన్న యూత్ కమిటీ ఎన్నికల్లో ఒక డిగ్రీ కుర్రాడు లేచి, యూత్ లీడరుకు ముప్ఫై అయిదేళ్లు దాటకూడదని బైలాలో పెడదామన్నాడు. వాణ్ని లేచి మాట్లాడమని ఇన్నాళ్లూ ప్రోత్సహించింది అన్నయ్యే. "చాలా బాగా మాట్లాడావు తమ్ముడూ" అని ముందు చప్పట్లు కొట్టి, తర్వాత సంఖ్యాకాండము ఎనిమిదో అధ్యాయం తీశాడు. లేవీయుల సేవ ఇరవై అయిదు నుంచి యాభై ఏళ్ల వరకు అని ఉంది, అంటే తనకింకా ఏడేళ్లు. పాస్టరు గారు నవ్వి, "యాభై తర్వాత మానాలని కూడా అక్కడే ఉందిగా" అన్నారు. అన్నయ్య వేలు అప్పటికే కింది వచనం మీద ఉంది: యాభై దాటినవాళ్లు తమ సహోదరులకు సాయంగా గుడారం దగ్గర కావలి కాయవచ్చు. "చెప్పుల దగ్గర ఉంటాలెండి అయ్యగారూ" అన్నాడు.