ఫరహాబాద్ బంగళా విషయమై పెద్దపులి గారికి మనవి

మహారాజశ్రీ అమ్రాబాద్ పెద్దపులి గారి దివ్యసముఖానికి, ఓరుగల్లు నుంచి రాసుకునే బహిరంగ లేఖ. నల్లమల కొండ మీద, ఫరహాబాద్‌లో, నిజాం కాలపు వేట బంగళా ఒకటి పాడుబడి ఉంది. తమరి పూర్వీకుల్ని కాల్చడానికి వచ్చిన దొరలు బస చేసిన ఇల్లు. దాన్ని బాగుచేసి, ఏసీలు పెట్టి, అద్దెకిస్తే ఎంత బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అడవి నడుమ నిజాం గదిలో నిద్రపోయామని చెప్పుకోవడం చేదా? శాఖల చుట్టూ తిరిగేకంటే అసలు హక్కుదారుకే అర్జీ పెట్టుకోవడం నయమని ఇలా వచ్చాను. అడిగేది ఒక్కటే: గోడలు నిలబెట్టనివ్వండి, మంచాలు మాత్రం వేయనివ్వకండి.

మంచం ఒంటరిగా రాదు. దాని వెంట బాత్రూం, వంటిల్లు, జనరేటరు, మిగిలిన బిర్యానీ, ఆ బిర్యానీ కోసం అడవిపందులు వస్తాయి. అన్నిటికంటే ముందు నీళ్లు కావాలి. ఎండాకాలంలో వాగులు ఎండితే అటవీ సిబ్బంది ట్యాంకర్లతో సాసర్ పిట్లు నింపుతారు. నేలలో పళ్లెంలా సిమెంటుతో కట్టిన ఆ తొట్లలో దుప్పులు తాగుతాయి, వాటి వెనక తమరూ తాగుతారు. అదే మే నెలలో షవర్ కింద నిలబడ్డ అతిథికి నీళ్లు ఎవరి వంతులోంచి తీయాలి? శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపుతున్నది తమరి కోసమే. రోడ్డు మూసి, లోపల హోటల్ లైట్లు వేస్తే ఆ మూతకు అర్థమేముంది? పులుల అభయారణ్యాల కోర్ ఏరియాలో కొత్త పర్యాటక కట్టడాలు వద్దని కేంద్రం 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. పాత గోడ మీద కొత్త హోటల్ లేపి, కాగితంలో ‘మరమ్మతు’ అని రాసుకునే తెలివి మా జాతికి కొత్త కాదు. అందుకే ముందే విన్నవించుకుంటున్నాను.

కార్బెట్ పులుల అభయారణ్యంలో ధికాలా పాత బంగళాలో రాత్రి బస ఇస్తున్నారు, పులులకేమైందని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ధికాలా పక్కన రామగంగ ఉంది, ఫరహాబాద్ కొండ నెత్తిన అలాంటి నది లేదు. మనుషులు మసలని ఇల్లు కూలిపోతుందని ఇంకో మాట. మా ఖిలా వరంగల్‌లో ఖుష్‌మహల్ శతాబ్దాలుగా నిలబడే ఉంది, గదులు అద్దెకిచ్చి కాదు. పాత ఇంటికి కావలసింది సున్నం, వాననీరు పోయే దారి, మొలిచిన రావిమొక్కను పీకే చెయ్యి. ఈ అడవిలో బతికే చెంచుల ఉపాధి సంగతి మాత్రం గట్టి ప్రశ్న, దాన్ని తోసెయ్యలేం. అయితే కొండ కింది మన్ననూరులో 2021 నుంచి అటవీ శాఖ బస నడుపుతోంది, సఫారీలో దారి చూపేది చెంచు యువకులే. అతిథి అక్కడ పడుకుని, పగలు కొండెక్కి బంగళా చూసి దిగితే వాళ్ల కూలికి లోటు రాదు. గదులు చాలకపోతే మన్ననూరులోనే పెంచుకోవచ్చు. కొండ మీద తెల్లారడం చూడలేకపోయామన్న బాధ మిగులుతుంది. ఆ మాత్రం బాధ మేం పడాల్సిందే.

ప్రతి: పాకాల, ఏటూరునాగారం అడవుల వైపు వచ్చిపోతున్న తమరి బంధువర్గానికి, తగు చర్య నిమిత్తం.