చైనీస్ నేర్చుకునేవారికి తలకిందుల సలహాలు

చైనీస్ పాఠ్యపుస్తకం ఏది తెరిచినా ఒకటే వరస. ఎడమపక్క చైనీస్ మాట, మధ్యలో రోమన్ అక్షరాల్లో ఉచ్చారణ, కుడిపక్క ఇంగ్లీషు అర్థం. చైనాలో మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లలు ఈ మూడు వరసల్నీ బట్టీ పడతారు. సరుకు కోసం క్వాంగ్‌చౌ, యీవూ వెళ్ళే వ్యాపారులూ అంతే. పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి గాని వార్డులో మంచం మీదున్న పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. అక్కడ నోరు పెగలాలంటే ఏం చెయ్యాలో చెప్తాను. వీటిలో చాలా వాటిని మీ మాస్టారు తప్పంటారు. అయినా చెయ్యండి.

మొట్టమొదట, కుడిపక్క వరస మీద కాగితం అంటించెయ్యండి. ఇంగ్లీషు అర్థం కనపడకూడదు. ఆ తర్వాత మధ్య వరస కొట్టేసి, ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో రాసుకోండి.

ఈ రెండోది వినగానే చైనీస్ చెప్పే ఎవరైనా వద్దంటారు. సొంత లిపిలో రాసుకుంటే సొంత యాస అంటుకుంటుందని వాళ్ళ భయం. ఇంగ్లీషువాళ్ళ విషయంలో ఆ భయం నిజమే, తెలుగువాళ్ళకు వర్తించదు. చైనీస్ హల్లుల్లో తేడా అంతా ఊపిరి ఒత్తులో ఉంది: ప ఒకటి, దాన్నే ఒత్తి పలికితే ఫ ఒకటి. త, థ, క, ఖ, చ, ఛ కూడా అలాగే. ద, బ, గ లాంటి నాదపు హల్లులు బీజింగ్ భాషలో ఆ స్థానంలో లేనే లేవు. 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిలో, రోమన్ అక్షరాలు పొదుపుగా వాడాలని, ఒత్తులేని ప శబ్దానికి బీ అక్షరాన్నీ, ఒత్తున్న ఫ శబ్దానికి పీ అక్షరాన్నీ కేటాయించారు. ఆ పద్ధతి తయారీలో ముఖ్యపాత్ర భాషావేత్త చో యోక్వాంగ్‌ది. అది చైనా పిల్లలకు చక్కగా సరిపోయింది. మనం మాత్రం బీ చూసి బ అంటాం. బీజింగ్‌లోని ‘బెయ్’, తైపెయ్‌లోని ‘పెయ్’ ఒకే మాట. రెండింటికీ ఉత్తరం అనే అర్థం. ఒక ఊరి పేరు కొత్త పద్ధతిలో రాశారు, ఇంకోదాన్ని అంతకుముందున్న వేడ్-జైల్స్ పద్ధతిలో. అంతే తేడా. తెలుగులో రెండూ పెయ్ అని రాస్తే గొడవే ఉండదు: పెయ్‌చింగ్, థాయ్‌పెయ్.

శ, ష తేడా కూడా పనికొస్తుంది. పిన్‌యిన్‌లో ఎక్స్ అక్షరం శకి దగ్గర, ఎస్‌హెచ్ షకి దగ్గర. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు ఈ రెండింటినీ విడదీయడానికి నెలల తరబడి కష్టపడతారు. చాప, చుక్క అన్నప్పుడు మన నోట పలికే చ ఉందే, అది పిన్‌యిన్ జెడ్ అక్షరానికి సరిగ్గా పనికొస్తుంది. తెలుగు లిపిలో లేనివాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, నాలుక మడిచి పలికే చ. దానికి కింద చుక్క పెట్టుకోండి. రెండోది స్వరం, అంటే గొంతు ఎత్తుపల్లం, దానికి మాట పక్కన 1 నుంచి 4 దాకా అంకె వెయ్యండి. అంకె మరిచిపోవద్దు. మాయ్3 అంటే కొనడం, మాయ్4 అంటే అమ్మడం. యీవూ బజారులో ఈ రెండూ తారుమారైతే బేరమే తిరగబడుతుంది. ఒక జాగ్రత్త: ఫని మనలో చాలామంది ఎఫ్‌లా పలుకుతారు. చైనీస్‌లో ఎఫ్ వేరే ఉంది. కాబట్టి ఫని నిజంగా పకు ఒత్తిచ్చి పలకండి.

మూడో సలహా: మాటల జాబితాలు ఆపెయ్యండి. చైనీస్ ఎంత వచ్చో కొలిచే హెచ్‌ఎస్‌కే పరీక్షకు 2010 పద్ధతిలో నాలుగో స్థాయికి 1200 మాటలు, ఆరో స్థాయికి 5000. 2021లో వచ్చిన కొత్త ప్రమాణాల్లో తొమ్మిది స్థాయిలకు కలిపి 11,092. ఈ అంకెల్ని చూసి పిల్లలు రోజుకు ఇన్నని లెక్కేసుకుంటారు. లెక్క తప్పదు గాని వాక్యం రాదు. చైనా భాషావేత్త ల్యు షూశ్యాంగ్ ఆధ్వర్యంలో 1980లో ఒక నిఘంటువు వచ్చింది. ఆధునిక చైనీస్‌లో ఎనిమిది వందల మాటలు అని దాని పేరు. ఏ మాట దేనితో జతకడుతుంది, ఎక్కడ చెల్లదు అన్నదే అందులోని విషయం. వాడుక తెలియాలంటే తక్కువ మాటల్ని లోతుగా తవ్వాలని అంత పెద్ద పండితుడే ఆచరించి చూపించాడు. మీరు ఇంకా తగ్గించండి. ముందు పదిహేను క్రియలు చాలు.

‘తా’తో మొదలుపెట్టండి. పుస్తకం దానికి కొట్టడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట రాస్తుంది. పెద్ద నిఘంటువు తెరిస్తే ఇరవైకి పైనే అర్థాలుంటాయి, అవన్నీ అంకెలు వేసి బట్టీ పట్టే ప్రయత్నం చెయ్యకండి. దాని జతగాళ్ళను పట్టుకోండి. తా త్యెన్‌హ్వా అంటే ఫోన్ చెయ్యడం, తా చన్ అంటే ఇంజెక్షన్ వెయ్యడం, తా సాన్ అంటే గొడుగు వేసుకోవడం, తా ష్వెయ్ అంటే నీళ్ళు పట్టుకోవడం, తా ఛ అంటే టాక్సీ మాట్లాడుకోవడం. ఇందులో ఎక్కడా దెబ్బ లేదు. తెలుగువాడికి ఇది వింత కాకూడదు. మనం ఈల కొడతాం, పొలానికి పురుగుమందు కొడతాం, క్లాసుకు డుమ్మా కొడతాం, ఫోను కొడతాం. ఏ దెబ్బా లేని ‘కొట్టు’ మన నోట్లో పుట్టుకతో ఉంది. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినప్పుడు దాన్ని మరిచిపోయి, చైనీస్ మాట విచిత్రంగా ఉందని ఆశ్చర్యపోతాం.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే: ఇంగ్లీషులో ఒకే మాటకు కుదించినవి చైనీస్‌లో విడివిడిగా ఉంటాయి, చాలాసార్లు తెలుగులోనూ విడివిడిగానే ఉంటాయి. తెలుగులో ఉన్న తేడాను ఇంగ్లీషులో పోగొట్టుకుని, చైనీస్‌లో మళ్ళీ కష్టపడి సంపాదించుకోవడం ఎందుకు? హ్వెయ్, నంగ్, ఖయీ అనే మూడు మాటలకూ పుస్తకంలో ఒకే ఇంగ్లీషు క్రియ ఉంటుంది. వాటిని ఎలా విడదీయాలో వ్యాకరణ పుస్తకాలు పేజీలకు పేజీలు వివరిస్తాయి. తెలుగులో మూడు వాక్యాలు రాసుకుంటే చాలు. నాకు ఈత వచ్చు: హ్వెయ్. కాలు నొప్పిగా ఉంది, ఇవాళ ఈదలేను: నంగ్. ఇక్కడ ఈదొచ్చా: ఖయీ. నేర్చుకుంటే వచ్చేది, వీలు కుదిరితే చెయ్యగలిగేది, అనుమతి ఉంటే చెయ్యొచ్చేది. సరిహద్దుల్లో నంగ్, ఖయీ కాస్త కలుస్తాయి, ఆ చిక్కు తర్వాత చూసుకోవచ్చు. బట్టలకూ బూట్లకూ ఛ్వాన్, కళ్ళద్దాలకూ టోపీకీ మాస్కుకూ తాయ్. ఇంగ్లీషులో రెండూ ఒకటే. మనం చొక్కా తొడుక్కుంటాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం, ఎన్నడూ చొక్కా పెట్టుకోం. వొమన్, చాన్‌మన్ సంగతీ ఇంతే. ఎదుటివాణ్ణి కలుపుకునే మనం చాన్‌మన్, ముఖ్యంగా ఉత్తర చైనా వాడుకలో. వొమన్ మేముగానూ నడుస్తుంది, మనంగానూ నడుస్తుంది. మేము, మనం తేడా ఊపిరి పీల్చినంత సులువుగా వాడే మనిషికి దీన్ని ఇంగ్లీషులో బోధించడం అన్యాయం.

నాలుగో సలహా ఇంకా విడ్డూరంగా అనిపిస్తుంది. మంచి అనువాదాన్ని నమ్మకండి. మాటకు మాట పెట్టిన వికారమైన అనువాదాన్ని నమ్మండి. సాఫీగా చదివించే ఇంగ్లీషు వాక్యం చైనీస్ వరసను పూర్తిగా చెరిపేస్తుంది. ‘వో చ్వొథ్యెన్ మాయ్ త షూ’ తీసుకోండి: నేను, నిన్న, కొను, త, పుస్తకం. నేను నిన్న కొన్న పుస్తకం. తెలుగు వరసే, ఒక్క మాట కూడా జరగలేదు. ఇంగ్లీషులో ఇది తలకిందులై పుస్తకం ముందుకొస్తుంది, ఆ తలకిందుల్ని మళ్ళీ సరిచెయ్యడానికి విద్యార్థి బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. ‘వెళ్తావా’ అంటే ‘వెళ్తా’ అని క్రియతోనే బదులివ్వడమూ, ‘ఆమె చాలా పొడుగు’ అన్నప్పుడు మధ్యలో ‘ఉంది’ పెట్టకపోవడమూ చైనీస్‌లో మామూలే.

వాక్యం చివర వచ్చే ‘ల’ని భూతకాలం అనుకోకండి. అది భూతకాలపు గుర్తు కాదు, పరిస్థితి మారిందన్న కబురు. హోటల్లో పిలిస్తే కుర్రాడు ఇంకా అటువైపునే ఉండి ‘లాయ్‌ల’ అని కేకేస్తాడు. రాలేదు, కానీ వచ్చేసినట్టే. వంటింట్లోంచి ‘ఇదిగో వచ్చేశా’ అనే మనకు ఇది వివరించాలా?

లెక్కపెట్టేటప్పుడు అంకెకూ వస్తువు పేరుకూ మధ్య వాడే మాటల్ని మాత్రం నామవాచకం కంటే ముందు నేర్చుకోండి. పుస్తకానికి పన్, కాగితానికీ బల్లకూ మంచానికీ చాంగ్, చేపకూ నదికీ దారికీ థ్యావ్, కత్తికీ గొడుగుకూ కుర్చీకీ పా. తోచనప్పుడు క వాడెయ్యమని అందరూ అంటారు. మొదటి ఏడాది ఆ సౌకర్యం తీసుకోవద్దు, అలవాటైతే వదలదు.

చుట్టరికాల పేజీలో ఇంగ్లీషు పూర్తిగా చించెయ్యండి. కక అన్న, తీతి తమ్ముడు, చ్యెచ్యె అక్క, మెయ్‌మెయ్ చెల్లి. పొపొ పెదనాన్న, షూషు బాబాయి, చ్యుచ్యు మేనమామ, కూకు మేనత్త. అమ్మమ్మ, నానమ్మలకూ వేర్వేరు మాటలు. దారిన పోయే పెద్దావిణ్ణి వరస కలిపి పిలవడమూ ఉంది. ఆయి అంటే పిన్నిగారి లాంటి పిలుపు. రోగిని నిన్ అని మర్యాదగా పలకరించి, వయసును బట్టి వరస కలిపితే సగం వైద్యం అయినట్టే. ఇక్కడ తెలుగు మోసం చేసే చోటు ఒకటుంది. తండ్రి అన్నదమ్ముల పిల్లలు ఒక వర్గం, థాంగ్. మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్నిల పిల్లలంతా ఇంకో వర్గం, ప్యావ్. పిన్ని కొడుకు మనకు అన్నే అవుతాడు, వాళ్ళకు మేనమామ కొడుకుతో సమానం. బావామరదళ్ళ మాటే లేదు. చైనాలో 1980 వివాహ చట్టం మేనరికాన్ని నిషేధించింది.

మోసం చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. వాక్యంలో కర్మ క్రియ తర్వాత వస్తుంది, ఇంగ్లీషులాగే. తెలుగు వరస పెడితే తప్పు. మన ‘తెలుసు’ అక్కడ రెండుగా చీలుతుంది: విషయం తెలిస్తే చితావ్, మనిషితో పరిచయముంటే రన్‌షి. నిన్ ఒక్కరికే, మన మీరులా పదిమందికి కాదు. మాత్రల్ని వాళ్ళు వేసుకోరు, తింటారు. ఇలాంటివి ఎర్రసిరాతో రాసుకోండి.

మరి ఇంగ్లీషు వరస ఎందుకు? మూత్రపిండం, రక్తపోటు, ఎక్స్‌రే, ఇన్సులిన్, కస్టమ్స్ సుంకం, కంటైనర్. ఇవి ఏ భాషలోనైనా ఒకదానికి ఒకటి సరిపోయే మాటలు. వీటికి ఇంగ్లీషు ఉంచుకోండి, హాయిగా బట్టీ పట్టండి. క్రియలకు, చుట్టరికాలకు, చిన్నచిన్న అంటుమాటలకు మాత్రం తెలుగు వాక్యమే రాయండి, మాట కాదు.

చైనాలో చదువుకుని తిరిగొచ్చిన డాక్టర్లకూ, ఏళ్ళ తరబడి క్వాంగ్‌చౌలో బేరాలు చేసిన వ్యాపారులకూ ఒక విన్నపం. వార్డులో, బజారులో మీరు విన్న వాక్యాలు, పక్కన వాటికి మీ ఇంటి తెలుగు, కాగితం మీద పెట్టండి. రెండు వందల వాక్యాలైనా చాలు. తర్వాత బయల్దేరే పిల్లల చేతికి అవి అందాలి.