అప్పే మహాభాగ్యం

అప్పు పుట్టించగలిగితే పేదరికం దానంతటదే పోతుందని చెప్పే పెద్దలున్నారు. వాళ్ల మాటే నిజమైతే ఈ దేశంలో ఆంధ్రప్రదేశ్ రైతును మించిన శ్రీమంతుడు ఉండకూడదు. 2019లో జాతీయ నమూనా సర్వేవాళ్లు లెక్క తీస్తే మన రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 ఇళ్లకు అప్పుంది. సగటున ఇంటికి రెండు లక్షల నలభై అయిదు వేలు. రెండింట్లోనూ దేశంలో మనదే మొదటి ర్యాంకు. నూటికి దాదాపు 92తో తెలంగాణ మన వెనకే ఉంది. దేశం మొత్తం చూస్తే మాత్రం సగం ఇళ్లే అప్పుల్లో ఉన్నాయట. పాపం, మిగతా సగానికి అభివృద్ధి ఇంకా అందలేదు.

సిద్ధాంతం సులువుగానే ఉంటుంది. పేదరాలు పేదగా ఎందుకుంది? కూలి చాలక కాదు, సెంటు భూమి లేక కాదు, మొగుడి ఆస్పత్రి ఖర్చుకు పుస్తెలు తాకట్టు పెట్టినందుకు అంతకన్నా కాదు. ఆమె లోపల ఒక పారిశ్రామికవేత్త గాఢనిద్రలో ఉంది, అంతే. చేతిలో పదివేలు పెడితే లేచి కూర్చుంటుంది. ఆపైన కూలి రేట్ల గురించి, ఆస్పత్రుల గురించి మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఈ సిద్ధాంతం ఇంతమందికి ఇంతగా నచ్చడానికి అసలు కారణం అదేనని నా అనుమానం.

కథ మంచిగానే మొదలైంది. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్లో ముహమ్మద్ యూనస్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు 42 మందికి కలిపి 27 డాలర్లు సొంత జేబులోంచి ఇచ్చాడు. వెదురు స్టూళ్లు అల్లే ఆడవాళ్లు దళారి చేతిలోంచి బయటపడ్డారు. దాన్ని తప్పుపట్టేవాడు మనిషి కాడు. తర్వాత ఆ మంచిపనికి లాభం రుచి తగిలింది. 2005ను ఐక్యరాజ్యసమితి ఏకంగా సూక్ష్మరుణ సంవత్సరంగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే యూనస్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలో, వసూళ్ల వేధింపుల మీద ఫిర్యాదులొచ్చి, అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు దాదాపు 50 మూసేయించారు. ఓస్లోలో చప్పట్ల మోతలో ఆ షట్టర్ల చప్పుడు ఎవరికి వినపడుతుంది?

ఇక సోమవారం పొద్దున ఏడింటికి ఏ పట్టణం శివారు కాలనీకైనా వెళ్లి చూడండి. ఎవరింటి వసారాలోనో చాప పరిచి ఉంటుంది. గ్రూపుకు అయిదుగురు, గ్రూపుకో వరస. బండి దిగిన సారుకు పాతికేళ్లు కూడా నిండి ఉండవు. ఆయన్ని చూడగానే తల్లి వయసు ఆడవాళ్లంతా లేచి నిలబడి ప్రతిజ్ఞ చదువుతారు. కిస్తీ టైముకు కడతామని, కట్టలేని సభ్యురాలికి సాయపడతామని. సాయపడడమంటే ఆమె డబ్బు తాము కట్టడం. సారు కార్డులు తిరగేస్తాడు.

“రమణమ్మ ఏదమ్మా?”

“జొరమంట సార్. లేవలేకపోతంది.”

“జ్వరమైతే డబ్బులు పంపించాలిగా! మీరు నలుగురూ కలిపి వేసుకోండి. లెక్క సరిపోయేదాకా ఎవరూ లేవడానికి లేదు.”

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకామె ఇంటికెళ్లి పోపుల డబ్బా అడుగున దాచిన వంద తెస్తుంది. ఇంకొకామెకు కూలికి పోయే ఆటో తప్పిపోతుంది, ఆ రోజు కూలి కూడా. మూడో ఆమె రమణమ్మ ఇంటి ముందుకెళ్లి గొంతెత్తుతుంది. నిన్నటిదాకా కూర గిన్నె ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు అవి. వడ్డీ లేని చేబదులు, పురుడొస్తే రాత్రంతా తోడు, పిల్లకు జబ్బుచేస్తే రిక్షా పిలిచే చెయ్యి, అన్నీ ఆ నలుగురైదుగురి మధ్యే నడిచేవి. పేదవాళ్ల దగ్గర తాకట్టుకు ఏమీ ఉండదని బ్యాంకులు వందేళ్లుగా అనుకుంటుంటే, ఈ రుణసంస్థలొచ్చి కనిపెట్టాయి: పరువుంది, పక్కింటావిడ ఉంది. బంగారంలా దాన్ని తూచక్కర్లేదు, లాకర్ అక్కర్లేదు. వసూలుకు జీతగాళ్లను పెట్టుకునే పని కూడా సగానికి సగం తగ్గింది, ఎందుకంటే అప్పు తీసుకున్నవాళ్లే జీతం లేని వసూలుదార్లు. తట్టుకోలేనివాళ్లు రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి బెంగళూరో చెన్నైయో ఇటుకబట్టీల దారి పడతారు. పిల్లల బడి అక్కడితో సరి.

లెక్కల సంగతీ చూద్దాం. 2010కి ముందు చాలాచోట్ల నడిచిన పద్ధతి ఇది. అప్పు పదివేలు, వడ్డీ నూటికి పదిహేను, 50 వారాలు, వారానికి 230. వినడానికి ముచ్చటగా ఉంది. తిరకాసల్లా ఏమిటంటే, అసలు మొదటి వారం నుంచే తరుగుతూ వస్తుంది, వడ్డీ మాత్రం చివరిదాకా నిండు పదివేల మీదే. ఏడాదిలో సగటున ఆమె చేతిలో నిలిచే సొమ్ము అయిదువేల పైచిలుకు. దాని మీద పదిహేను వందలంటే దగ్గర దగ్గర నూటికి ముప్పై. ముందే పట్టుకునే ఫీజు వేరు. బీమా వేరు, కట్టేమనిషి పోయినా కట్టాల్సింది పోకుండా ఆ ఏర్పాటు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకిచ్చే షావుకారుకు ఏడాదికి ముట్టేది 24. అతనికి కిర్రుచెప్పులు తొడిగి, మీసం మెలితిప్పించి సినిమా సినిమాలో విలన్‌ని చేశాం. ముప్పై తీసుకునేవాడికి టై కట్టి, వేదికెక్కించి శాలువా కప్పాం.

అప్పు ఫారంలో “దేనికి” అని ఒక గడి ఉంటుంది. అందులో పెద్దపిల్ల పెళ్లి, ఆయన కిడ్నీ ఆపరేషన్, చిన్నోడి ఇంటర్ ఫీజు అని రాయకూడదు. పాడి గేదె అని రాయాలి. కాదంటే కుట్టు మిషన్, కాదంటే కిరాణా కొట్టు. ఆ కాగితాల మీది గేదెలన్నీ నిజంగా ఈని ఉంటే తెలుగు జనం పాలతోనే స్నానాలు చేస్తుండేవాళ్లు. పోనీ అందరూ నిజాయితీగా కొట్లే పెట్టారనుకుందాం. నలభై ఇళ్ల వీధిలో పాతిక కిరాణా కొట్లు. ఎవరి సబ్బు ఎవరు కొనాలి? కొనేవాళ్ల చేతిలో కూలి డబ్బు పెరగకుండా అమ్మేవాళ్లను పెంచుకుంటూ పోతే వ్యాపారం ఎలా నడుస్తుందో ఆ గడి కనిపెట్టినవాళ్లే చెప్పాలి.

ఇదంతా గిట్టనివాళ్ల ఏడుపు అంటారేమో. అయితే గిట్టేవాళ్లనే అడుగుదాం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం మన హైదరాబాద్‌లోనే 104 బస్తీలు ఎంచుకుని, అందులో సగం చోట్ల ముందుగా రుణసంస్థ శాఖ తెరిపించి, మిగతా సగం పక్కన పెట్టి, ఏళ్ల తరబడి వెంటబడి చూశారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లలో కొందరికి, అదీ ముఖ్యంగా పైమెట్టులో ఉన్నవాళ్లకు, లాభం పెరిగింది. ఇంటి తిండీబట్టా ఖర్చులోగానీ, పిల్లల చదువులోగానీ, ఆరోగ్యంలోగానీ, ఇంట్లో ఆడదాని మాట చెల్లుబాటులోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన పత్రం పేరులో ‘మహిమ’తోపాటు ఒక ప్రశ్నార్థకం కూడా ఉంది. 2019లో బెనర్జీ, డుఫ్లోలకూ నోబెల్ వచ్చింది. అప్పు మహిమకు ఒక నోబెల్, ఆ మహిమ ఎక్కడుందా అని వెతికినవాళ్లకు ఇంకో నోబెల్. వారం వారం కిస్తీ కట్టినామెకు కార్డు మీద ఒక టిక్కు.

2010 మనవాళ్లకు బాగా గుర్తుండాల్సిన సంవత్సరం. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ పల్లెల్లో స్వచ్ఛంద సంస్థగా పుట్టిన ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ ఆ ఆగస్టులో స్టాక్ మార్కెట్ ఎక్కింది. షేరు 985 రూపాయలు. ఉన్నవాటికి 13 రెట్లు దరఖాస్తులు. పేదరికం ఇంత గిరాకీ ఉన్న సరుకని అప్పటిదాకా పేదవాళ్లకు తెలియదు. అదే నెలల్లో పల్లెల నుంచి కిస్తీలు కట్టలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్న వార్తలు వరసపెట్టి వచ్చాయి. అక్టోబర్ 15న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో షరతులు ఏమిటనుకున్నారు? ఇంటి గడప దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గర వసూలు చేసుకోవాలి. వడ్డీ అసలును మించకూడదు. సంస్థ పేరు నమోదు చేయించుకోవాలి. ఇంతమాత్రం మర్యాద తప్పనిసరి అనేసరికి ఆ వ్యాపారం రాష్ట్రంలో కుప్పకూలింది. ఆ షేరు రెండేళ్లు తిరక్కుండానే వంద కిందకు దిగింది. గడప ముందు గొంతెత్తే హక్కు పోతే కంపెనీ విలువ ఎంతో మార్కెట్టే తేల్చి చెప్పింది.

అన్నిటినీ ఒకే గాటన కట్టను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు, ఆ ఊపులోనే జిల్లా అంతటా రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ పొదుపు సంఘాల్లో డబ్బు ముందు వాళ్లది, తర్వాతే బ్యాంకుది. ఎవరికి ఎంత, ఎప్పుడు కట్టాలి అన్న మాట వాళ్లలో వాళ్లు తేల్చుకునేవాళ్లు. వాటికీ వంకలున్నాయి. మంత్రిగారి సభకు జనం చాలకపోతే మొదటి ఫోను సంఘం లీడరమ్మకే వెళుతుంది. అయినా ఊళ్లో ఆడవాళ్లు పదిమంది కలిసి కూర్చోవడం నేర్చింది అక్కడే. ప్రైవేటు సంస్థలు వచ్చి ఆ కూర్చున్న చాప మీదే తమ కార్డులు పరిచాయి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2011లో రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ వడ్డీకి 24 దగ్గర గీత గీయమంది. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ మీద పరిమితి తీసేసి, కిస్తీలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని చెప్పింది. సగం! మిగతా సగంలో బియ్యం, అద్దె, గ్యాసు, మందులు, చుట్టాల పెళ్లి చదివింపులు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద నమోదైన సంస్థలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన మన పాత చట్టం వర్తించదని తీర్పిచ్చింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం వసూళ్ల దౌర్జన్యం ఆపడానికి ఆర్డినెన్సు తెచ్చింది. మనం పదిహేనేళ్ల ముందే చదివిన పాఠం పక్కింటివాళ్లు అప్పుడు తెరిచారు.

ఈలోగా కొత్త తరం వచ్చింది. దానికి చాపా అక్కర్లేదు, ప్రతిజ్ఞా అక్కర్లేదు. ఫోన్లో లోన్ యాప్ దించుకుంటే చాలు, మీ కాంటాక్టుల జాబితాయే మీ గ్రూపు. కిస్తీ తప్పితే మేనమామకు, హెడ్మాస్టరుకు, పెళ్లి మాట నడుస్తున్న వియ్యాలవారికి వరసపెట్టి ఫోన్లు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి కాల్ సెంటర్ల మీద పడ్డారు. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు కమిటీ 1,100 దాకా యాప్‌లు గాలిస్తే అందులో 600 చట్టవిరుద్ధమైనవే.

వీటన్నిటికీ విరుగుడుగా మన పెద్దలు చెప్పేది ఆర్థిక అక్షరాస్యత. కమ్యూనిటీ హాల్లో ఫ్లెక్సీ కట్టి, ఒక సమోసా, ఒక టీ ఇచ్చి, అవసరానికీ కోరికకూ తేడా వివరిస్తారు. నెలకు తొమ్మిది వేలతో అయిదుగురిని పోషించే మనిషికి ఖర్చు రాసుకోవడం ఎలాగో నేర్పేది ఎవరయ్యా అంటే, కారుకు, ఫ్లాటుకు, ఫోనుకు, సింగపూర్ ట్రిప్పుకు కిస్తీలు కట్టే పెద్దమనిషి. ఆయనవి కోరికలు కావు, లైఫ్‌స్టైల్.

ఇంత చక్కటి పద్ధతిని పేదలకే పరిమితం చేయడం మాత్రం నాకు నచ్చలేదు. అయిదేళ్లలో బ్యాంకులు పుస్తకాల్లోంచి తీసేసిన మొండి బాకీలు పది లక్షల కోట్లు దాటాయని 2022 డిసెంబరులో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. రద్దు చేయలేదు, పద్దు మార్చామంతే అంటారు బ్యాంకులవాళ్లు. సరే, వసూలు చేసే మార్గం నేను చెబుతాను. జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక క్లబ్బు లాన్ మీద, సోమవారం పొద్దున ఏడింటికి, చాప పరిపించండి. అయిదేసి మంది పారిశ్రామికవేత్తలు ఒక్కో వరస. పాతికేళ్ల కుర్రాడు బండి దిగగానే అందరూ లేచి నిలబడాలి. ప్రతిజ్ఞ తెలుగులోనే. సిమెంటాయన, ఫార్మాయన, కరెంటాయన, రియల్ ఎస్టేటాయన వచ్చారు. అయిదో ఆయనకు ఒంట్లో బాగాలేదట, లండన్‌లో ఉన్నాడట. ఫరవాలేదు, మీరు నలుగురూ కలిపి వేసుకోండి. పోపుల డబ్బాలు మీ ఇళ్లలోనూ ఉంటాయిగా, కాస్త వంటావిడను అడగండి. లెక్క సరిపోయాకే కాఫీ.