జీవో లెక్కలో సముద్రం లేదు

హైదరాబాదులో పనిచేసే కేంద్ర ప్రభుత్వోద్యోగికి మూలవేతనంలో 30 శాతం ఇంటద్దె భత్యం. అదే ఉద్యోగిని మధ్య అండమాన్‌లోని రంగత్‌కు బదిలీ చేస్తే 10 శాతం. మూలవేతనం 40,000 అయితే హైదరాబాదులో 12,000, రంగత్‌లో 4,000. ఊళ్లను జనాభా లెక్కన వర్గీకరించారు, జనం తక్కువున్నచోట అద్దె కూడా తక్కువేనని ఏలినవారి సిద్ధాంతం! మరి రంగత్‌లో గోడ ఎలా లేస్తుంది? సిమెంటు, ఇనుము వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి పోర్ట్‌బ్లెయిర్ చేరాలి. 2024లో దాన్ని శ్రీ విజయపురం అన్నారు గానీ, పేరు మారితే దూరం తగ్గదు కదా. అక్కణ్నుంచి లారీలో సుమారు 170 కిలోమీటర్లు: జిర్కటాంగ్‌లో వాహనాల కాన్వాయ్ కదిలేదాకా పడిగాపులు, జార్వా ఆదివాసుల అడవి, ఆపై ఫెర్రీ. ఆ ఖర్చంతా గోడలోకి, గోడలోంచి అద్దెలోకి.

దీవుల ప్రత్యేక భత్యం ఇస్తున్నాంగా అంటారు. ఇస్తున్నారు, ఉద్యోగికి. కొట్టు గుమాస్తాకు, శ్రీకాకుళం తీరం నుంచి దీవులకు వలసొచ్చిన జాలరికి భత్యం రాదు, ధరలు మాత్రం ఠంచనుగా వస్తాయి. బోలెడు నేలుందిగా అంటారు. ఉంది, దీవుల్లో 80 శాతానికి పైగా అడవే. దాన్ని కొట్టకూడదు కూడా. చేపలు, కొబ్బరి చౌకేగా అంటారు. యజమాని అద్దెను చేపల్లో పుచ్చుకుంటే పేచీయే లేదు. కనుక ఊళ్లను తలలు లెక్కబెట్టి కాక, సరుకొచ్చే దూరం కొలిచి వర్గీకరించాలి. కుదరదంటే, వర్గీకరించిన పెద్దలనే ఏడాదిపాటు రంగత్‌కు బదిలీ చేయాలి, ఆ 10 శాతంతోనే!