న్యూజెర్సీ లేబర్ కమిషనర్ గారికి ఎడిసన్ నుంచి ఒక మనవి

మహారాజశ్రీ లేబర్ కమిషనర్ గారి సముఖమునకు,

2025 జూన్ 1 నుంచి పదిమంది లేదా అంతకు మించి పనివాళ్లున్న ప్రతి యజమానీ ఉద్యోగ ప్రకటనలోనే జీతమెంతో, లేదా ఎంత నుంచి ఎంతవరకో వేయాలన్నారు. ఇన్సూరెన్సు వగైరా సదుపాయాలూ రాయాలన్నారు. సంతోషం. కొలరాడో ఈ పని 2021లోనే మొదలెట్టిందనీ, పక్కనున్న న్యూయార్క్ కూడా 2023లోనే అందుకుందనీ మేం దెప్పం.

కంపెనీలు వేస్తున్నాయి కూడా. మొన్న ఓ డేటా ఇంజినీరు ఉద్యోగానికి '85,000 నుంచి 2,10,000 డాలర్లు' అని చూశాను. రెండంకెలు వేయొచ్చన్నారు గానీ వాటి మధ్య ఎంత ఎడముండాలో మీ చట్టంలో రాయలేదు. ఆ సందులో మా ఆవిడ జీతం కూడా పట్టేస్తుంది. సరే, ఫోన్ చేస్తే రిక్రూటరు అడిగే మొదటి మాట, "మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?" పాత జీతం ఆరా తీయకూడదని 2020లో కట్టడి చేశారు కదా, అందుకని ఇప్పుడు ఆశ ఎంతో అడుగుతున్నారు. తక్కువ చెబితే సాయంత్రానికే ఆఫర్ లెటరు. ఎక్కువ చెబితే "క్లయింటుతో మాట్లాడి చెప్తానండీ". ఆ తర్వాత ఫోనెత్తరు.

చట్టం తప్పితే జరిమానా మొదటిసారి 300 డాలర్ల దాకా, ఆపైన 600 దాకా. ఓక్ ట్రీ రోడ్డు మీద పిల్లాడి పుట్టినరోజుకి భోజనాలు చెప్పినా అంతకంటే ఎక్కువవుతుంది. ప్రమోషన్ల సంగతి ఆ విభాగంలో వాళ్లందరికీ ముందే తెలియజెయ్యాలన్న నిబంధన మా మేనేజరు గారి చెవిన ఇంకా పడలేదు.

హెచ్-1బీ వీసా వాళ్ల జీతాలు మాత్రం గోడకెక్కుతాయి. వాళ్ల కోసం కంపెనీ పెట్టే ఎల్‌సీఏ దరఖాస్తు నోటీసు ఆఫీసులో రెండు చోట్ల పది రోజులు అంటించాలి. మా దగ్గర ఒకటి మైక్రోవేవ్ పైన అంటిస్తారు. పప్పన్నం వేడెక్కేలోపు, రాబోయే కుర్రాడికి ఎంతిస్తున్నారో అందరికీ కంఠతా వచ్చేస్తుంది. ఆ దరఖాస్తుల వివరాలన్నీ ఫెడరల్ లేబర్ శాఖ ఇంటర్నెట్లో పెడుతుంది. పేర్లుండవు గానీ కంపెనీ, హోదా, ఊరు ఉంటాయి. గుంటూరులో పిల్ల తండ్రికి అవి చాలు, అబ్బాయి చెప్పిన ప్యాకేజీ నిజమో కాదో పోల్చుకోడానికి.

అందుకని నా మనవి: మా పెళ్ళిళ్ళ పేరయ్యల్ని ఇన్‌స్పెక్టర్లుగా వేసుకోండి. 85 నుంచి 210 అంటే వాళ్ల దగ్గర చెల్లదు. "ఖాయంగా చేతికొచ్చేదెంత నాయనా? బోనసు ప్రతి ఏడూ ఇస్తారా, మాటేనా? కంపెనీ షేర్లు ఇప్పుడే చేతికొస్తాయా, నాలుగేళ్లాగాలా?" అని కాఫీ చల్లారేలోపు కూపీ లాగేస్తారు. హెచ్ఆర్ వాళ్లు నీళ్లు నమిలితే ఆ ఊళ్లోనే ఉన్న వాళ్ల మేనమామని పట్టుకుంటారు.

కాకపోతే ఒక్క షరతు. ఆ ఇన్‌స్పెక్టరు ఉద్యోగాలకి ప్రకటన ఇచ్చేటప్పుడు జీతం దగ్గర ఒక్క అంకే వేయించండి. ఇంత నుంచి అంత అంటే పేరయ్యలు దరఖాస్తు పెట్టరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎడిసన్‌లో ఓ ఉద్యోగార్థి
(ఎక్స్‌పెక్టేషన్: ముందు మీరు చెప్పండి)