నాకు పట్టింది పిచ్చి కాదు

నేను నాటు కుక్కను. ఏన్కూరు దగ్గర ఒక మిరప రైతు కల్లంలో పెరిగాను. తేజ మిర్చి కోసి ఆరబోస్తే ఆ ఎర్రటి రాశుల చుట్టూ రాత్రంతా తిరిగేవాణ్ణి. అడవి అంచు ఊరు కదా, పందుల గుంపులు చేలమీద పడేవి. వాటి వాసన అందరికంటే ముందు నాకే తగిలేది. నేను మొరిగితేనే అయ్య టార్చి పట్టుకుని లేచేవాడు. నేను కాపలా ఉన్నన్నాళ్లూ ఒక్క బస్తా పోలేదు. ఖమ్మం మార్కెట్టుకు సరుకు ఎక్కించే రోజున అయ్య నా తల నిమిరేవాడు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

అట్లాంటి నాకు మూడో ఏట ఒక తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ముందు ఏదో గుబులు పుట్టింది. అయ్య మంచం దగ్గరికి పోయి ఆయన కాళ్లను అంటిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు. కాళ్లు కొట్టుకుంటున్నా, దవడలు బిగుసుకున్నా, నురగ కారుతున్నా ఆ కాసేపు మాకు స్పృహ ఉండదు. నాకేం చేశారో లేచాక నా ఒళ్లే చెప్పింది. నాలుక మింగేస్తానని గరిటె కాడ పళ్ల మధ్య దూర్చారు, చిగుళ్లు చీరుకుపోయాయి. కుక్క తన నాలుక మింగదు. నోట్లో నీళ్లు పోశారు, ముక్కులోంచి వచ్చి దగ్గు పట్టుకుంది. పంజా కింద తాళాల గుత్తి, ఉల్లిగడ్డ ముక్క ఉన్నాయి. నుదుటి మీద వాత మండుతోంది.

లేచాక కళ్లు కనబడలేదు. గోడకు గుద్దుకున్నాను, నీళ్ల తొట్టికి గుద్దుకున్నాను. అయ్య గొంతు వినబడింది గానీ ఆయనెవరో పోల్చుకోలేకపోయాను. ఎవరో మీదికి వస్తున్నారని భయపడి పళ్లు చూపాను. ఫిట్స్ తగ్గాక కొద్ది నిమిషాలో, కొన్ని గంటలో ఇలాగే ఉంటుంది. ఆ పళ్లే నా కొంప ముంచాయి. పిచ్చి పట్టిందన్నారు. సాయంత్రం గోనెసంచిలో కట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, పాల్వంచ దాటాక జామాయిల్ తోటల పక్కన దించేశారు. అప్పటికి చూపు వచ్చేసింది. తోక ఊపాను. అయ్య చూడలేదు. ఊపిరి అందినంత దూరం ఆటో వెంట పరుగెత్తాను. నిజంగా పిచ్చి సోకిన కుక్క అలా తేరుకోదు, కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. పది రోజులు విడిగా కట్టేసి దూరం నుంచి కనిపెట్టి ఉంటే తెలిసిపోయేది. ఇన్నేళ్ల కాపలాకు ఆ పది రోజులు కూడా నాకు దక్కలేదు.

నీళ్ల కోసం రోడ్డు వెంట తిరుగుతుంటే, తునికాకు కోతకు వచ్చిన ఒక కోయ అవ్వ సొరబుర్రలోని అంబలి ఆకులో పోసింది. ఆమె వెంటే వెళ్లిపోయాను. 50 ఆకులకో కట్ట చొప్పున కట్టి ఆరబెట్టే కల్లంలోనే నాకు రెండోసారి ఫిట్స్ వచ్చాయి. లేచి చూసుకుంటే ఒంటి మీద గాయం లేదు. తల కింద మడిచిన గోనెపట్టా ఉంది. చుట్టుపక్కల రాళ్లు, కొడవలి దూరంగా జరిపి ఉన్నాయి. పైన నీడకు పాత చీర కట్టారు. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చిన మనవరాలు ఎవరినీ నా నోటి దగ్గర చెయ్యి పెట్టనివ్వలేదట. ఫోనులో వీడియో తీసింది. ఎంతసేపు కొట్టుకున్నానో అందులోనే తేలింది, రెండు నిమిషాల లోపే.

పశువుల డాక్టరు ఆ వీడియోనే ముందు చూశారు. పురుగుమందు కలిపిన నీళ్లు తాగాడా, డిస్టెంపర్ టీకా పడిందా అని అడిగారు. నెత్తురు తీసి చక్కెర, కాల్షియం, కాలేయం చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసులో మొదలై, వెతికినా కారణం దొరకకపోతే అది మూర్ఛరోగమే అయి ఉంటుందన్నారు. ఒక్కసారి వచ్చి ఊరుకుంటే సాధారణంగా మాత్రలు మొదలుపెట్టరు, తేదీ రాసుకుని కనిపెట్టి ఉంటారు. ఆరు నెలల్లో మళ్లీ వస్తేనో, ఒకే రోజు పదే పదే వస్తేనో మందు వేస్తారు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒళ్లు కాలిపోయి మెదడు దెబ్బతింటుంది, అందులోనూ మన కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో. పిచ్చికుక్క టీకా కూడా అప్పుడే వేశారు.

నాకు రాసింది ఫినోబార్బిటాల్. 1912 నుంచి మనుషుల మూర్ఛకు వాడుతున్న మందే. పొద్దున ఒకటి, పన్నెండు గంటలు గడిచాక మరొకటి. మొదట్లో కాళ్లు తూలాయి, ఎంత తిన్నా ఆకలే, ఎంత తాగినా దాహమే. అవ్వ విసుక్కోలేదు. మాత్రను ఎండుచేప ముద్దలో పెట్టి, నేను మింగేదాకా నిలబడి చూస్తుంది. బాగైంది కదా అని ఒక్కసారిగా మానేస్తే ముందుకంటే పెద్ద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చీటీ లేనిదే షాపువాళ్లు ఇవ్వరు కాబట్టి ఆ చీటీని రేషన్ కార్డుతో కలిపి దాచుకుంది. డబ్బా సగమయ్యేసరికే మందు కోసం భద్రాచలం ప్రయాణం కడుతుంది.

రాత్రిళ్లు మళ్లీ చేను కాస్తున్నాను. వాగుకు మాత్రం అవ్వ ఒంటరిగా పోనివ్వదు, నీళ్లలో ఉండగా ఫిట్స్ వస్తే మునిగిపోతానని. తను పోయినప్పుడే నన్నూ తీసుకుపోతుంది, అదీ మోకాలి లోతు వరకే.