40వ కాలమ్

"సార్, దీనికి బటన్లున్న విండో ఒకటి చేసిపెట్టరా?" అని మా ఆఫీసులో మాడ్‌ఫ్లో నడిపే అమ్మాయి అడిగింది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. ఆ ఒక్క మాట అడగనందుకు ఎనిమిది నెలలు పోయాయి.

మాడ్‌ఫ్లో నేలను గడులుగా విడగొట్టి భూగర్భజలాల కదలికను లెక్కగట్టే ప్రోగ్రాము. అమెరికా జియలాజికల్ సర్వేలో మెక్‌డొనాల్డ్, హార్బా ఫోర్‌ట్రాన్‌లో రాశారు. మేం వాడేది 1988 నాటి వెర్షను. అంకెలు కొట్టిన ఫైలు ఇస్తే చదువుకుని, నీటిమట్టాలు ఇంకో ఫైల్లో రాసిపెడుతుంది. ఎందరో ఏళ్ల తరబడి వాడి సరిచూసుకున్న లెక్క అది. నేను దాని మీదే చేయి వేశాను. ఫైలు రాసిచ్చే ఫారం చేయడం చిన్నపనిగా అనిపించింది. లెక్క కూడా విండోలోనే జరగాలని ఫోర్‌ట్రాన్‌ను విప్పి పైథాన్‌లో తిరగరాశాను.

రన్ నొక్కితే విండో బిగుసుకుపోయేది. బటన్లను చూసుకునే థ్రెడ్‌లోనే లెక్కనూ నడిపించాను మరి. అది సర్దాక అసలు దెబ్బ తగిలింది. ఒక బోరు దగ్గర నీటిమట్టం పాతదానికీ నాదానికీ కలవలేదు. మూడు వారాలు వెతికాను. నీరు గడి అడుగుకన్నా దిగిపోతే మాడ్‌ఫ్లో ఆ గడిని ఎండినట్టు తీసుకుని లెక్కలోంచి తప్పిస్తుంది. తిరగరాయడంలో నేను ఆ భాగం వదిలేశాను. రాతినేలల్లో వేసవి వస్తే ఎండని బోరేది? మా జిల్లాకు అన్నిటికన్నా ముఖ్యమైన కోడ్ లైన్లు నేను వదిలేసినవే.

అప్పుడు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పెన్ను మొనతో తెర మీద ఖాళీలు లెక్కపెట్టుకుంటోంది. బోర్ల ఫైల్లో ఒక్కో అంకెకు పది కాలమ్‌లు. పొర, అడ్డువరుస, నిలువువరుస, చివర తోడే నీరు. ఆ చివరిది 31 నుంచి 40 లోపల పడాలి. -1250.5 మూడు కాలమ్‌లు కుడికి జారి 40 దాటిందా, మాడ్‌ఫ్లో -125 వరకే చదువుతుంది. తప్పని చెప్పదు. తోడిన నీరు పదోవంతుకు పడిపోతుంది.

"ఈ లెక్కపెట్టుకునే బాధ తప్పుతుందనే సార్ అడిగింది" అంది.

రెండు వారాల్లో చేసిచ్చాను. మాడ్‌ఫ్లోను ముట్టుకోలేదు. ఫారంలో అంకె కొడితే దాని చోట అది పడుతుంది, ప్రోగ్రాము విడిగా నడుస్తుంది. ఆ జియలాజికల్ సర్వేవాళ్ల మోడల్‌మ్యూజ్ అనే ప్రోగ్రాము చేసేదీ ఇదే. ఫైళ్లు రాసిచ్చి లెక్కను మాడ్‌ఫ్లోకే వదిలేస్తుంది. నాకది ముందే తెలుసు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ ఎనిమిది నెలల ఫైళ్లన్నీ తీశాం. నాలుగు బోర్లకు అంకె 40వ కాలమ్ దగ్గర తెగి ఉంది.